ఎదురు సాలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోమ్మా. ఆ ఫ్యాను చప్పుడులో సగం మాట గాలికి పోతుంది. సగం మాట పోతే ఏమవుతుందో చెప్పే కథే ఇది, కాబట్టి పూర్తిగా వినాలి.

గుంటూరు బైపాసు దాటి చిలకలూరిపేట రోడ్డెక్కితే కోల్డ్ స్టోరేజీలు వరసగా వస్తాయి కదా, ఆ వరస చివర మిరపకాయలు బాగుచేసి పై దేశాలకు పంపే కంపెనీ ఒకటి ఉంది. జానీబీ అందులో సూపర్‌వైజరు. నీలం కోటు, నెత్తికి తెల్ల టోపీ, మెళ్లో ఫొటో ఉన్న కార్డు. ఆ కార్డు వచ్చిన కొత్తలో ఇంటికి వెళ్లినా తీయడం మరిచిపోయి అన్నం వండేది. ఇప్పుడు అలవాటైంది.

ఆ రోజు పొద్దున్నే జానీబీ హాలంతా ఊడ్పించి, చాపలు పరిపించి, చాపకొక మిరపకాయల కుప్ప పోయించింది. తేజ రకం, సన్నకాయ, గట్టి ఘాటు. బస్తా మూతి విప్పగానే ఇద్దరు ఆడవాళ్లు తుమ్మారు. కుప్పకు ఈ పక్క ఒక ట్రే, దాని మీద నంబరు. ఈ ఏర్పాటంతా రచనది. రచన అంటే కొత్తగా వచ్చిన పర్సనెల్ ఆఫీసరు, ఒంగోలు అమ్మాయి, పెద్ద చదువు చదివింది. మనుషుల్ని పనిలోకి తీసుకునే బాధ్యత ఆమెది.

అంతకుముందు ఆ కంపెనీలో పనికి ఎవరొస్తారంటే, మేస్త్రీ ఎవరిని తెస్తే వాళ్లు. మేస్త్రీకి నచ్చినవాళ్లు, మేస్త్రీ పెళ్లాం తరఫు చుట్టాలు. ఆ పద్ధతిలో జానీబీ కూడా గేటు దగ్గర చాలాసార్లు వెనక్కి తిరిగి వెళ్లిన మనిషే. అందుకే రచన వచ్చి, "ఇకమీదట సిఫారసు లేదు. అందరికీ ఒకే కుప్ప, ఒకే టైము. చేతిలో పనితనం ఉన్నవాళ్లకే పని" అన్నప్పుడు జానీబీకి కడుపు నిండినట్లయింది.

"పని ఎలా చేయాలో మీరే చెప్పండి జానీబీ గారూ. నా మాటలు వాళ్లకి అర్థం కావట్లేదు," అంది రచన.

జానీబీ ముందుకొచ్చి నిలబడింది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లందరూ తలెత్తి చూశారు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఉన్నారేమో, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"ఏం లేదమ్మా. తొడిమ తీసి కాయ ట్రేలో వేయండి. తెల్లబడ్డ తాలుకాయ పక్కన పడేయండి. గంట కొట్టేదాకా పని. ఎవరి సాలు వాళ్లు పట్టండి," అంది.

ఆ చివరి మాట ఆమె ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి దానంతట అది వచ్చింది. ఆడవాళ్లు కొందరు నవ్వుకున్నారు. సాలంటే చేలో మొక్కల వరస, కాంక్రీటు హాల్లో సాలేమిటని కాబోలు.

పని మొదలైంది. చిటుక్కు, చిటుక్కుమని తొడిమలు తెగుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. రచన ఒక్కొక్కరి దగ్గరా స్టూలు వేసుకుని కూర్చుని, పని చెడకుండా రెండు మూడు ప్రశ్నలు అడిగి కాగితం మీద రాసుకుంటోంది.

కిటికీ పక్కన కూర్చున్నామె పేరు రాజ్యం. నలభై దాటిన మనిషి, పొడవు, సన్నం. తువ్వాలు తలకు చుట్టి, కొంగు బొడ్లో దోపుకుని, మోకాలొకటి మడిచి కూర్చున్న తీరులోనే పొలం కనబడుతోంది.

"ఎక్కడి నుంచి వచ్చారు?" అంది రచన.

"తుళ్లూరు వైపమ్మా. పొలాలన్నీ రాజధానికి ఇచ్చేశారుగా. పొలం ఉన్నోళ్లకి ప్లాట్లొచ్చాయి. మాకు పొలమే లేదు, ఉన్న పనీ పోయింది. ఇక్కడ నల్లపాడులో మా చెల్లెలింట్లో ఉంటున్నా."

"టీమ్‌లో పని చేసిన అనుభవం ఉందా?"

"టీమంటే?"

"నలుగురితో కలిసి పని చేయడం."

రాజ్యం చేతులు ఆపకుండానే ఆమె వైపు వింతగా చూసింది. "పత్తి చేలోకి ఒక్కదాన్నే ఎందుకు పోతానమ్మా, పాము కరిస్తే చెప్పేదానికైనా మనిషి ఉండద్దూ?"

రచన నవ్వాపుకుంది. "సరే. మీలో ఉన్న బలం ఏమిటి, బలహీనత ఏమిటి?"

"బలహీనత ఉందమ్మా. రక్తం తక్కువుందని నర్సమ్మ చెప్పింది. బెల్లం, వేరుశెనక్కాయలు తినమంది. తింటున్నా."

ఈసారి రచన పైకే నవ్వింది, రాజ్యం కూడా నవ్వింది. ఇద్దరి నవ్వులో ఎకసెక్కెం లేదు. జానీబీ దూరం నుంచి చూసి, ఈమెకు పని వచ్చినట్టేలే అనుకుంది.

రాజ్యం పక్క చాప మీద వేదశ్రీ అని ఒక అమ్మాయి ఉంది. డిగ్రీ మధ్యలో మానేసింది. మిరపకాయ అంటే కూరలో చూడటమే తప్ప కుప్పగా చూసిన పిల్ల కాదు. కంపెనీ ఇచ్చిన గ్లౌజులు వేళ్ల చివర వేలాడుతున్నాయి. కళ్లు తుడుచుకుంటే గ్లౌజు ఘాటు కంట్లోకి పోయి ఇంకా ఏడుస్తోంది. పెద్ద కుప్ప అలాగే ఉంది, ట్రేలో అడుగు మాత్రం కప్పింది.

రాజ్యం కుప్ప ముందే అయిపోయింది. తన చాప మీద రాలిన గింజలు కూడా చేత్తో ఊడ్చి, తాలు ఒక మూలకు జరిపింది. నడుం మీద చెయ్యి పెట్టి ఇటూ అటూ చూసింది. లేచింది. లేచి నీళ్ల కుండ దగ్గరికి పోలేదు. వేదశ్రీ కుప్పకు అవతలి పక్కకు వెళ్లి, ఆ పిల్లకు ఎదురుగా చతికిలబడి, ఆ చివర నుంచి తీయడం మొదలుపెట్టింది. తీసిన కాయ ఆ పిల్ల ట్రేలోనే వేస్తోంది.

అది చూసి జానీబీకి గుండెలో ఏదో కదిలింది. ఏమిటో వెంటనే అందలేదు. ఎప్పుడో విన్న పాట వరస గుర్తొచ్చి మాటలు గుర్తురాకపోతే ఎలా ఉంటుంది, అలా ఉంది.

రచన కూడా చూసింది. కాగితం మీద ఏదో రాసింది.

గంట మోగేసరికి కుప్పకు ఈ చివర వేదశ్రీ, ఆ చివర రాజ్యం, మధ్యలో ఇద్దరి చేతులూ తగులుకునేంత దగ్గరికొచ్చారు. ఇంకో గుప్పెడు కాయే మిగిలింది.

మధ్యాహ్నం రచన పేర్లు చదివింది. వేదశ్రీ పేరు ఉంది. రాజ్యం పేరు లేదు.

పేర్లు వచ్చినవాళ్లు ఒక పక్కకు, రానివాళ్లు గేటు వైపుకు. రాజ్యం కాసేపు అక్కడే నిలబడి, "నా పేరు మధ్యలో ఏమన్నా జారిందా అమ్మా?" అని జానీబీని అడిగింది.

"లేదక్కా. రాలేదు."

ఎందుకు రాలేదని అడుగుతుందేమోనని జానీబీ గొంతు సర్దుకుంది. రాజ్యం అడగలేదు. తువ్వాలు విప్పి దులిపి, మళ్లీ చుట్టుకుంది. "కాయ బాగా ఎండింది. తొడిమ ఇట్టే వస్తోంది," అని, "నల్లపాడు ఆటో ఇక్కడే ఆగుద్దా, అవతలికి పోవాలా?" అంది.

"అవతలికి పోవాలి."

వేదశ్రీ సంతోషంతో ఫోన్లో వాళ్లమ్మకు చెప్పుకుంటోంది. రాజ్యం ఆ పిల్ల పక్కనుంచి వెళ్తూ, "కళ్లు రుద్దకమ్మాయ్, మజ్జిగతో కడుక్కో," అని దాటిపోయింది.

ఆ సాయంత్రం జానీబీ రచన గదిలోకి వెళ్లింది.

"ఆ రాజ్యం అనే ఆమెను ఎందుకు తీసెయ్యాల్సొచ్చింది మేడం? అందరికన్నా ముందు ముగించిందిగా."

"చాలా బాగా చేసింది. కానీ వేరేవాళ్ల ట్రే ముట్టుకుంది. అది పరీక్ష కదా జానీబీ గారూ. ఇవాళ ఒకరిని వదిలేస్తే రేపు ఒక ఇంట్లోంచి ముగ్గురొచ్చి ఒకరి కుప్ప ఒకరు చేసుకుపోతారు. మళ్లీ పాత మేస్త్రీల కథే."

జానీబీ టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

"ఇంకోటి. మొన్న సరుకు వెనక్కొచ్చింది గుర్తుందా? పెట్టెలో వెంట్రుక. ఎవరి చేతిలోంచి వెళ్లిందో తేలక మీ టేబులు దగ్గర పనిచేసేవాళ్లంతా కొట్టుకున్నారు. సగం మంది మానేశారు. అందుకే కదా ఈ నంబర్లు."

గుర్తులేకేం. ఆ గొడవలో జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చారు. నువ్వంటే నువ్వని. అంతకుముందు ఒకే గిన్నెలో పచ్చడి నంజుకున్నవాళ్లు. ఆ టేబులు ఖాళీ నింపడానికే ఈ పరీక్ష. రచన చెప్పిన దాంట్లో తప్పేమీ కనబడలేదు జానీబీకి. తప్పు లేని మాట విని కూడా మనసు కుదుటపడకపోతే ఏం చేస్తాం, నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

ఆటో దిగి ఇంటికి నడిచేదారిలో ఒక పత్తి చేను ఉంది. పత్తి అయిపోయి కట్టె మిగిలింది. ఎండిన మోళ్లు వరసలు వరసలుగా, చూపు ఆనినంత దూరం. అక్కడక్కడా తీయకుండా వదిలేసిన దూది పింజె మోడుకు అంటుకుని సాయంత్రపు గాలికి వణుకుతోంది. జానీబీ నిలబడిపోయింది.

వాళ్లమ్మ మదార్‌బీ పత్తి తీతకు జట్టు కట్టేది. పొగమంచు విడవకముందే చేను గట్టు మీద అందరినీ నిలబెట్టి, పొట్ట చుట్టూ ఒడి బిగించుకుని, ఎత్తుగొంతుతో ఒకటే మాట అనేది. "ఎవరి సాలు వాళ్లు పట్టండే." అంతే, అందరూ చేలోకి దిగేవాళ్లు. మంచుకు తడిసిన ఆకులు మోచేతులకు తగిలి జివ్వుమనేది. ఎవరో ఒకరు పాట ఎత్తుకునేవాళ్లు. ఎవరి అత్తనో తిట్టుకునేవాళ్లు. ఎవరి ఒడి నిండితే వాళ్లు గర్భిణీల్లా నడుచుకుంటూ వచ్చి గట్టు మీద గుడ్డలో పోసేవాళ్లు, అది చూసి మిగతావాళ్లు "ఎన్నో నెలే నీకు?" అని ఏడిపించేవాళ్లు.

అందరి చేతులూ ఒకటిలా ఉండవు కదా. ఒకామె ముందు సాలు కొసకు చేరేది, ఒకామె సగంలో ఉండేది. ముందు చేరినామె ఏం చేసేది? వెనక్కి తిరిగి, వెనకబడ్డదాని సాలు కొస నుంచి తీసుకుంటూ ఆమెకు ఎదురొచ్చేది. దానికి ఎదురు పట్టడమని పేరు. ఇద్దరూ చేను మధ్యలో కలుసుకునేవాళ్లు. కలుసుకున్నచోట, "వచ్చావా తల్లీ" అని ఒకటే నవ్వు. ఎదురు పట్టమని మదార్‌బీ ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మాట కాదు అది. సాలు పట్టమంటే అందులోనే ఉంది.

కొత్తగా పనికొచ్చినవాళ్లను మదార్‌బీ అడిగే ప్రశ్నలేమీ ఉండేవి కావు. చేతుల వేగం కూడా చూసేది కాదు. తన సాలు అయిపోయాక ఆ మనిషి ఎటు పోతుందో చూసేది. గట్టెక్కి వక్కాకు సంచి విప్పితే ఏమీ అనేది కాదు, ఆ రోజు కూలి ఆ రోజు ఇచ్చేసేది. వెనక్కి తిరిగితే మాత్రం పొద్దుపోయాక ఇంటికెళ్లేటప్పుడు, "రేపూ రావే" అనేది. ఆ రెండు మాటల కోసం జానీబీ చిన్నప్పుడు, సొంత తల్లి నోటి నుంచి రావడానికి, ఎంత పరుగు పెట్టేదో.

ఆ మోళ్ల ముందు నిలబడి ఉండగా జానీబీకి పొద్దున్న తన నోట్లోంచి వచ్చిన మాట చెవిలో మోగింది. ఎవరి సాలు వాళ్లు పట్టండి.

పరీక్షలో తను చెప్పింది అదే. రచన మనసులో ఉన్నది ఎవరిది వాళ్లే చేసుకోండి, పక్కది ముట్టుకోకండి అని. తను చెప్పింది దానికి సరిగ్గా తిరగేసిన మాట. రాజ్యం ఆ మాట తప్పలేదు. చెప్పింది చెప్పినట్టు, పూర్తిగా చేసింది.

"అమ్మా," అని జానీబీ ఆ చేను వైపు చూసి అంది. దారిన పోయే గేదెలాయన ఎవరిని పిలిచిందా అని తిరిగి చూశాడు.

మర్నాడు వేదశ్రీ పనిలో చేరింది. టేబులు దగ్గర అందరికన్నా వెనక. మధ్యాహ్నం టీ బెల్లు కొట్టినా లేవకుండా తొడిమలు తీస్తూనే ఉంది. జానీబీ పక్కన నిలబడితే, తలెత్తకుండానే అంది.

"ఆంటీ, నిన్న ట్రేలో సగం నాది కాదు."

"తెలుసు."

"చెబుదామనుకున్నా. మా నాన్న పొద్దున్నే దేవుడికి దండం పెట్టి పంపించాడు. పేరు వచ్చాక నోరు పెగల్లేదు." ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది, ఘాటుకో దేనికో. "నేను మానేస్తే ఆవిడని తీసుకుంటారా?"

"నువ్వు మానేస్తే నీ కుప్ప ఎవరు చేస్తారు? కానియ్యి."

అని జానీబీ నేరుగా రచన గదికి వెళ్లింది. ఈసారి కూర్చోమనకముందే కూర్చుంది.

"మేడం, నిన్న తప్పు రాజ్యానిది కాదు. నాది. పక్కవాళ్లది ముట్టుకోవద్దనేది మీ ఉద్దేశం. నేను సాలు పట్టమన్నాను. మా పొలాల్లో ఆ మాటకి అర్థం వేరు." చేను సంగతి, ఎదురు పట్టడం సంగతి చెప్పింది. తల్లి సంగతి మాత్రం చెప్పలేదు.

రచన పెన్ను కిందపెట్టింది. "ఆమె మీ ఊరా?"

ఆ ప్రశ్న వస్తుందని జానీబీకి తెలుసు. వచ్చాక మాత్రం చెంపలు వేడెక్కాయి. "కాదు మేడం. ముఖం కూడా నిన్నే చూశాను. సిఫారసు దెబ్బ తిన్నదాన్ని, సిఫారసు చేయను."

"సారీ. అడగాలి కదా." రచన కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఒకటి చెప్పండి. మీరు చెప్పిన మాట హాల్లో ఉన్న అందరూ విన్నారు. దాదాపు అందరూ పొలం పని చేసినవాళ్లే. మరి ఆమె ఒక్కతే ఎందుకు లేచింది?"

"నేను చెప్పేదీ అదే మేడం," అంది జానీబీ.

రచన కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి కింద హాలు కనిపిస్తుంది. అటు చూసింది.

"రెండో షిఫ్టుకి రేపే పరీక్ష ఉంది. రమ్మనండి. కానీ ఈసారి ఏం చేయాలో నేను చెప్తాను, నా మాటల్లో. అందరికీ ఉన్న రూలే ఆమెకీ."

"ఆ వేదశ్రీ..."

"కొత్తవాళ్లందరికీ కొన్నాళ్లు గడువుంది కదా. నేర్చుకోనీండి."

జానీబీ నల్లపాడులో ఇల్లు పట్టుకునేసరికి దీపాల వేళయింది. రాజ్యం చెల్లెలి ఇంటి గుమ్మంలో బట్టల మూట కట్టి ఉంది. మూట మీద ఆ తువ్వాలు.

"ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగుకి మనుషుల్ని తీసుకుపోతున్నారు. రేపు పొద్దున్నే వ్యాను," అంది రాజ్యం. "పదిమంది ఒక గదిలో ఉండాలంట. ఏం చేస్తాం, చెల్లెలింట్లో ఎన్నాళ్లని తింటాను? మరిది ఏమీ అనడు. అనకపోవడమే కష్టంగా ఉంది."

జానీబీ వచ్చిన పని చెప్పింది. రాజ్యం వెంటనే అడిగిన మాట ఇది. "ఆ పిల్లని తీసేసి నన్ను పెడతారా? అయితే నేను రాను."

"లేదక్కా. ఆ పిల్ల ఉంది. ఇది వేరే షిఫ్టు."

"పరీక్ష మళ్లీ పోతే?"

జానీబీ అబద్ధం చెప్పలేకపోయింది. "పోతే పోయినట్టే. వ్యాను కూడా వెళ్లిపోయి ఉంటుంది."

లోపల్నుంచి చెల్లెలు, "ఖాయంగా ఉన్న పని వదిలి, వస్తుందో రాదో తెలియని దానికి పోతావా అక్కా?" అంది. రాజ్యం మూట వైపు చూసింది, మూట మీద తువ్వాలు చూసింది.

"నేనేం తప్పు చేశానో చెప్పు ముందు."

"ఆ పిల్ల కుప్ప ముట్టుకున్నావు. అక్కడ అది కూడదు. తప్పు నీది కాదు, నేనే సాలు పట్టమన్నాను."

"అన్నావుగా మరి." రాజ్యానికి కోపం రాలేదు, తికమక తీరింది. "మరి రేపు నాది అయిపోయాక ఏం చెయ్యాలి?"

"ఊరికే కూర్చోవాలి."

"పక్కమనిషి అవస్థ పడుతుంటేనా?"

"ఆ."

"ఊరికే కూర్చోడానికి కూడా పరీక్ష పెడతారన్నమాట," అని రాజ్యం నవ్వింది. నవ్వుతూనే మూట ముడి విప్పింది.

పొద్దున వ్యాను నల్లపాడు సెంటర్లో హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

హాల్లో మళ్లీ చాపలు, మళ్లీ కుప్పలు. రచన ముందుకొచ్చి తనే చెప్పింది. "మీ ముందున్న కుప్ప మీది. పక్కవాళ్ల కుప్ప, పక్కవాళ్ల ట్రే ఎవరూ ముట్టుకోకూడదు. బెల్లు కొట్టేదాకా అంతే." ఒంగోలు యాసలో చక్కగా, ఎవరికీ సందేహం లేకుండా చెప్పింది.

జానీబీ గోడ పక్కన నిలబడి రాజ్యం చేతులనే చూస్తోంది. కుడిచేతి బొటనవేలి గోరు తొడిమ మీద పడటం, కాయ తిరగడం, ట్రేలో రాలడం. ఆ చేతికి తొందర లేదు, ఆగడం లేదు. అనుకున్నట్టే ముందు ముగించింది. గింజలు ఊడ్చింది. తాలు మూలకు జరిపింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

పక్కన ఒక పెద్దావిడ చాలా వెనకబడి ఉంది. చేతులకు పుండ్లేమో, కాయ పట్టుకున్నప్పుడల్లా ముఖం ముడుచుకుంటోంది. రాజ్యం అటు చూసింది. ఒళ్లు అటు వంగింది కూడా. రాజ్యం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది, చిన్నపిల్లలు మిఠాయి ముందు కూర్చున్నట్టు. చూపు కిటికీ మీదికి తిప్పుకుంది. ఆ కూర్చోవడం చూడలేక జానీబీ తల దించుకుంది. ఈమెకు పని వస్తుంది, నిజమే. కానీ ఏది చూసి ఈమె కావాలనుకున్నానో దాన్ని ఇవాళ నేనే కూర్చోబెట్టేశాను కదా అనిపించింది.

బెల్లు కొట్టారు.

అందరూ హమ్మయ్య అనుకుంటూ లేచారు. నడుములు విరుచుకుని, చేతులు కడుక్కోవడానికి కుళాయిల దగ్గరికి బారులు తీరారు. రచన చాప చాపకూ వెళ్లి ట్రేలు చూసి మార్కులు వేసేసింది. రాజ్యం కదల్లేదు. రచన తన దగ్గరికొచ్చాక మెల్లగా అడిగింది.

"పరీక్ష అయిపోయినట్టేనా అమ్మా?"

"అయిపోయింది. లేవండి."

"అయితే ఇక ఎవరిది వాళ్లదనేం లేదుగా?"

రచనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "లేదు, ఎందుకు?" అంది.

రాజ్యం తొడల కిందనుంచి చేతులు తీసి, ఒకసారి విదిలించి, పక్క చాపకు అవతల వైపు వెళ్లి ఆ పెద్దావిడకు ఎదురుగా కూర్చుంది. ఆ కొస నుంచి తొడిమలు తీయడం మొదలుపెట్టింది. ఇప్పుడు మార్కు లేదు, కూలి లేదు, లెక్కపెట్టేవాళ్లు లేరు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నామె ఒకతె వెనక్కి తిరిగి చూసింది. తడి చేతులు చీరకు తుడుచుకుని వచ్చి ఇంకో మిగిలిన కుప్ప ముందు కూర్చుంది. ఆమె వెనక ఇంకొకామె. "అట్టా సగం సాలు వదిలేసి పోతే కాళ్లు ముందుకు పడవులే," అంది మూడో ఆమె. కొందరు మాత్రం ఫోన్లు చూసుకుంటూ గేటు దగ్గరే నిలబడ్డారు, అదీ తప్పేమీ కాదు. టీ విరామానికి టేబులు నుంచి వచ్చిన వేదశ్రీ గుమ్మంలో ఆగి, రాజ్యాన్ని గుర్తుపట్టి, గ్లాసు కిటికీలో పెట్టేసి పరిగెత్తినట్టే వచ్చి ఒక కుప్ప ఎదుట కూర్చుంది.

"వచ్చావా తల్లీ," అంది రాజ్యం.

జానీబీ గోడకు ఆనుకుంది. ఆ మాట విని ఎన్నేళ్లయిందో లెక్కలేదు. ముక్కు గుడ్డ కళ్ల దాకా పైకి లాక్కుంది. ఎవరన్నా చూస్తే ఘాటు అనుకుంటారు.

రచన చేతిలో మార్కుల కాగితం పట్టుకుని అలా నిలబడే ఉంది. తర్వాత ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టి, చెప్పులు విడిచి, ఇంకా ఎవరూ పట్టని ఒక కుప్ప ఆ చివర కూర్చుంది. తొడిమ తీయడం చేతకాక కాయే తుంచేసింది. పక్కనున్నామె ఆమె వేలు పట్టుకుని గోరు ఎక్కడ ఆనించాలో చూపించింది. కాసేపటికి పాపం కన్ను రుద్దుకుంది. ఆ తర్వాత మజ్జిగ గిన్నె పట్టుకుని జానీబీ పరుగు.

"ఇంత మంటలో రోజంతా ఎలా కూర్చుంటారండీ?" అంది రచన కన్ను కడుక్కుంటూ.

"పక్కన మనిషి ఉంటే తెలీదు మేడం."

సాయంత్రం రచన పేర్లు చదివింది. మార్కుల ప్రకారమే చదివింది, ఒక్కటీ అటూ ఇటూ చేయలేదు. రాజ్యం పేరు మొదట వచ్చింది. గేటు దగ్గర ఫోను చూసుకున్నవాళ్లలో బాగా చేసినవాళ్ల పేర్లూ వచ్చాయి. పుండ్ల చేతుల పెద్దావిడ పేరు రాలేదు. రచన ఆమెను విడిగా కూర్చోబెట్టి చేతులు చూసి, ప్యాకింగులో పెట్టడానికి వీలవుతుందేమో అడిగి చెబుతానంది. చెప్పింది కూడా, అది వేరే కథ.

పేర్లయ్యాక జానీబీని లోపలికి పిలిచింది. "బెల్లు అయ్యాక ఎవరెవరు కూర్చున్నారో మీకు గుర్తుందా?"

"ఉంది మేడం." తల్లికి ఉన్నట్టే, ఈమెకూ ఆ ముఖాలు గుర్తుండిపోయాయి.

"పనిలోకి తీసుకోవడం మార్కుల మీదే. కానీ ఎవరు ఏ టేబుల్లో ఉండాలో మనిష్టం. వాళ్లని మీ టేబుల్‌కి పెట్టుకోండి. మనిషికో నంబరు వద్దు, టేబుల్‌కి ఒకటే నంబరు వేసి చూద్దాం." అని, "మళ్లీ వెంట్రుకొచ్చి సరుకు తిరిగొస్తే?" అంది.

"అందరం కలిసి తిట్లు తింటాం మేడం. నువ్వంటే నువ్వనుకోడానికి ఎవరూ ఉండరు."

"నేను కూడా తినాలి, పైనుంచి," అంది రచన. ఎర్రబడ్డ కంటితోనే నవ్వింది.

గేటు దగ్గర రాజ్యం నిలబడి ఉంది. ఇప్పుడు ఆటో ఎక్కడాగుతుందో ఆమెకు తెలుసు, అయినా నిలబడే ఉంది. జానీబీ దగ్గరికి వచ్చి మెళ్లో కార్డు సర్దుకుంది. అప్పుడు వాళ్లమ్మ మాటే నోటికొచ్చింది.

"రేపూ రా అక్కా."

రాజ్యం తలూపి వెళ్లింది.

ఇక చివర ఒక్క ముక్క. కొత్త టేబులు మొదలైన రోజు పొద్దున, ఆడవాళ్లందరూ టోపీలు పెట్టుకుని అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడ్డారు. బెల్లు కొట్టే ముందు ఏదో ఒకటి చెప్పాలి కదా అని జానీబీ నోరు తెరవబోయింది. ఆమెకన్నా ముందు, తలుపు దగ్గర నుంచి, కొంచెం సిగ్గుపడుతూ, కొంచెం ఒంగోలు యాసగా ఒక గొంతు వచ్చింది.

"ఎవరి సాలు వాళ్లు పట్టండి."

కాంక్రీటు హాల్లో, ట్యూబులైట్ల కింద, జానీబీ మోచేతులకు మంచుకు తడిసిన ఆకులు తగిలినట్టయింది.

అదమ్మా సంగతి. రేపు నువ్వు కూడా ఒక కుర్చీలో కూర్చుని నలుగుర్ని పనికి పిలిచేదానివి అవుతావు. అడగాల్సినవన్నీ అడుగు, మార్కులూ వెయ్యి. బెల్లు కొట్టాక మాత్రం వెంటనే లేచిపోకు, ఎవరు ఎటు తిరుగుతారో కాసేపు కూర్చుని చూడు. ఈ మాట నీ దగ్గరే పెట్టుకోకు. ఎదురొచ్చిన వాళ్లకల్లా చెప్పు. సగం చెప్పి ఆపకు, పూర్తిగా చెప్పు.